రీబ్రాండింగ్‌కి డిజైనర్‌ని ఎంచుకునే ముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: వ్యాపారం కొన్నేళ్లుగా నడుస్తోంది, లోగో, రంగులు, ప్యాకింగ్ మార్చాలనుకుంటున్నారు. ఒక ఫ్రీలాన్సర్, ఒక చిన్న ఏజెన్సీ, ఒక లోగో పోటీల సైటు, మూడు చోట్ల నుంచి కొటేషన్లు వచ్చాయి. రేట్లకి పొంతన లేదు. ఎవరికి ఇవ్వాలి?

పొంతన లేకపోవడానికి కారణం, ముగ్గురూ ఒకే పనికి రేటు చెప్పలేదు. ఒకరు బొమ్మకి చెప్పారు, ఒకరు బొమ్మతో పాటు ప్యాకింగ్‌కి చెప్పారు, ఇంకొకరు ఎవరో గీసి పంపే వాటిలోంచి ఏరుకునే అవకాశానికి చెప్పారు. ముందు పని ఏమిటో మీరే కాగితం మీద పెట్టాలి.

మీ వ్యాపారం పేరు కనబడే ప్రతి చోటూ రాయండి. బోర్డు, బిల్లు, విజిటింగ్ కార్డు, డబ్బా, స్టిక్కర్, రబ్బరు స్టాంపు, సిబ్బంది చొక్కా, బండి, వెబ్‌సైటు, వాట్సాప్ డీపీ, ఈమెయిల్ కింద సంతకం, ఇలా ఏదీ వదలకండి. ప్రతిదాని పక్కన అది ఎంత సైజులో ఉంటుందో, దేని మీద ముద్రిస్తారో రాయండి. చిన్న వ్యాపారానికి కూడా ఇరవై తేలిగ్గా దాటుతాయి. ఎలాంటి డిజైనర్ కావాలో ఈ జాబితాలోనే తెలిసిపోతుంది. సగానికి పైగా ప్యాకింగే ఉంటే ప్యాకింగ్ చేసినవాళ్లే కావాలి, లోగో ఎంత బాగా గీసినా సరిపోదు. బార్‌కోడ్‌ని ఎరుపు గీతలతో వేయొచ్చా అని అడిగి చూడండి. చాలా స్కానర్ల కాంతి ఎరుపే కాబట్టి ఆ గీతలు దానికి తెల్లగా కనిపిస్తాయి, కోడ్ చదవదు. ప్యాకింగ్ పని తెలిసినవాళ్లు ఈ జవాబుకి తడుముకోరు.

అదే కాగితం మీద ఏవి మార్చకూడదో కూడా రాయండి. 2009లో ట్రోపికానా తన జ్యూస్ డబ్బా మీద స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేసింది. లోపల జ్యూస్ అదే అయినా, అలవాటైన డబ్బా అరల్లో కనబడక అమ్మకాలు దాదాపు 20 శాతం పడ్డాయి, వారాల్లోనే పాత డబ్బాకి తిరిగొచ్చింది. కొనేవాళ్లు మిమ్మల్ని రంగుని బట్టి గుర్తుపడుతున్నారా, అక్షరాల తీరుని బట్టా, బొమ్మని బట్టా అన్నది తెలుసుకోకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. మంచి డిజైనర్ మొదటి మాటల్లోనే ఈ ప్రశ్న వేస్తారు. ఏమీ అడగకుండా మర్నాటికే మూడు లోగోలు పంపినవాళ్లది చురుకుదనం అనుకోవద్దు. ఆ మూడూ ఇంకెవరికైనా పంపగలిగినవే.

పోర్ట్‌ఫోలియో, అంటే వాళ్లు చేసిన పనుల నమూనాల గురించి. నల్ల గోడ మీద బంగారు అక్షరాలు, చెక్క బల్ల మీద కార్డు, ఇవన్నీ రెడీమేడ్ మాకప్‌లు, లోగో అందులో పెడితే చాలు. నిజంగా ముద్రించిన వాటి ఫొటోలు అడగండి, వీలైతే పని పూర్తయి ఏడాది దాటినవి. తర్వాత వాళ్ల పాత కస్టమర్లలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడండి. ‘బాగా చేశారా?’ అంటే అందరూ అవుననే అంటారు. ‘మూడోసారి మార్పులు అడిగితే ఏమన్నారు? ఒరిజినల్ ఫైళ్లన్నీ చేతికొచ్చాయా? ప్రింటర్ ఏమైనా తిప్పి పంపాడా?’ అని అడగండి.

ఉచితంగా ఒక శాంపిల్ లోగో అడగడం నాకు నచ్చదు. మర్యాద మాట పక్కన పెట్టినా, వ్యాపారం గురించి తెలియకుండా గీసిందాన్ని చూసి మీరు తేల్చగలిగేది ఏమీ ఉండదు. దానికి బదులు డబ్బిచ్చి ఒక చిన్న పని చేయించండి. మీ ఇప్పటి లేబుల్‌నో బిల్లునో, డిజైన్ మార్చకుండా శుభ్రంగా మళ్లీ తయారు చేయమనండి. వచ్చిన ఫైలు మీ ప్రింటర్‌కి చూపించండి. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపుకోసం అంచు దాటి వదిలే అదనపు రంగు) ఉందా? రంగులు సీఎంవైకేలో, అంటే ముద్రణకి వాడే నాలుగు సిరాల లెక్కలో ఉన్నాయా? సన్న నల్ల అక్షరాలు ఒక్క నలుపు సిరాతో ఉన్నాయా, నాలుగు రంగులూ కలిపిన నలుపుతోనా? నాలుగూ కలిపితే ముద్రణ ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. ఎంత పోర్ట్‌ఫోలియో చూసినా తెలియనిది ఈ ఒక్క ఫైలు చూస్తే తెలుస్తుంది. చెప్పిన రోజుకి ఇచ్చారో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది.

లోగో నమూనాలు వచ్చినప్పుడు లాప్‌టాప్‌లో పెద్దగా చూసి మురిసిపోకండి. 15 మి.మీ. వెడల్పుతో, నలుపు తెలుపుల్లో, మామూలు కాగితం మీద ప్రింట్ తీసి చెయ్యి చాచి పట్టుకుని చదవండి. రబ్బరు స్టాంపులో, బిల్లు మూలలో అది కనబడేది అలాగే. రంగు మీద రంగు కలిసిపోయే గ్రేడియెంట్లు వినైల్ కటింగ్‌లో రావు, కుట్టులో సరిగా రావు. చొక్కా మీద ఎంబ్రాయిడరీకి అక్షరం ఎత్తు 5 మి.మీ. కన్నా తగ్గితే ‘అ’లోని సున్నా కూడా దారంతో పూడిపోతుంది. తెరమీద మెరిసే ఆకుపచ్చ, నారింజ చాలావరకు సీఎంవైకేలో మసకబారతాయి. అందుకే రంగు ఖాయం చేసేది ముద్రించిన కాగితం చూసి, ఫోన్లో కాదు. డీపీ గుండ్రంగా కత్తిరించుకుంటుంది కాబట్టి పొడుగు పేరున్న లోగోకి విడిగా చిన్న గుర్తు కూడా కావాలి.

పేరు తెలుగులోనూ ఉంటే ఇంకో పరీక్ష ఉంది. ఇంగ్లిష్ లోగో గీసి, తెలుగుని ఏదో ఫాంటులో కింద అతికించేవాళ్లే ఎక్కువ. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, కాబట్టి అదే ఎత్తులో పెడితే అసలు అక్షరం చిన్నదైపోతుంది, సైజు తగ్గించగానే ఒత్తులు ముద్దవుతాయి. ‘స్త్రీ’, ‘క్ష్మి’ లాంటి గుంపులు రాయించి చూడండి. ఫాంటు యూనికోడ్‌దేనా, అంటే ఏ ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా అదే అక్షరంగా కనబడేదేనా అని కూడా అడగండి. పాత డీటీపీ ఫాంట్లు ముద్రణకి పనికొస్తాయి గానీ, వెబ్‌సైటులో అదే వాక్యం పెడితే పిచ్చి గుర్తులొస్తాయి.

ఇక కొటేషన్. ఎన్ని నమూనాలు, ఎన్ని విడతల మార్పులు, విడత అంటే ఏమిటి, ఇవి రాతలో ఉండాలి. రెండు మూడు నమూనాలు, రెండు విడతలు చాలు. ఇరవై నమూనాలు ఇస్తామంటే ఒక్కదాని మీదా ఆలోచించరన్నట్టే. డబ్బు మూడు వాయిదాలుగా పెట్టుకోండి: మొదలుపెట్టేటప్పుడు, నమూనా ఖాయమయ్యాక, ఫైళ్లు చేతికొచ్చాక. పని మధ్యలో ఆగితే ఎవరికి ఎంత అన్నది కూడా రాయండి. ఏజెన్సీ అయితే మీతో మాట్లాడినవాళ్లే గీస్తారా, ఇంకొకరా అని పేరుతో సహా అడగాలి. మీ వైపు నుంచి కూడా ఒక్కరే సరే అనాలి. ఇంట్లో నలుగురూ తలో వాట్సాప్ మెసేజ్ పెడితే ఎంత మంచి డిజైనరైనా అందరికీ నచ్చే నీరసమైనదే ఇస్తారు.

పోటీల సైట్లలో స్టాక్ బొమ్మలు తిరిగి రావడం ఎక్కువ. చాలా స్టాక్ లైసెన్సులు ఆ బొమ్మని ట్రేడ్‌మార్క్‌గా వాడుకోనివ్వవు. గీసింది సొంతమేనని, ఏఐతో పుట్టించినది కాదని రాసివ్వమనండి. పూర్తిగా ఏఐ గీసినదానికి అమెరికాలోనైతే కాపీరైట్ నమోదు చేయరు. పేరు మారుస్తున్నట్టయితే లోగో గీయించడానికి ముందే ఆ పేరు ఇంకెవరి ట్రేడ్‌మార్కో కాదా అని వెతకాలి. ట్రేడ్‌మార్క్‌ల కోసం సరుకుల్నీ సేవల్నీ విడదీసే నీస్ వర్గీకరణలో 45 తరగతులున్నాయి, మీ తరగతితో పాటు రేపు మీరు వెళ్లబోయేవీ చూడండి. డబ్బిచ్చినంత మాత్రాన హక్కులు మీవైపోవు. చాలా దేశాల్లో బయటి డిజైనర్ గీసిన దాని కాపీరైట్, సంతకంతో రాసిచ్చేదాకా వాళ్లదే. ఎంత కాలానికి, ఏ ప్రాంతాలకి అన్నవి కూడా ఆ కాగితంలో ఉండాలి. ఫాంటు లైసెన్సు మీ పేరున కొనండి, ముద్రణకి వేరు, వెబ్‌కి వేరు.

చివరి వాయిదా ఇచ్చే ముందు, వాళ్లిచ్చిన ఫైళ్ల ఫోల్డర్‌ని డిజైనర్ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్లో తెరవండి. ఇల్లస్ట్రేటర్ ఒరిజినల్, కర్వ్స్‌లోకి మార్చిన (అక్షరాల్ని ఫాంటు అక్కర్లేని గీతలుగా మార్చిన) పీడీఎఫ్, వెబ్‌కి పనికొచ్చే ఎస్‌వీజీ, వెనక రంగు లేని పీఎన్‌జీ ఉండాలి. పూర్తి రంగులో, ఒక్క నలుపులో, ముదురు రంగు మీద తెలుపులో, మూడు రకాలూ ఉండాలి. రంగుల ప్యాంటోన్ (ప్రింటర్లు వాడే రెడీమేడ్ సిరా రంగుల పట్టిక), సీఎంవైకే, ఆర్‌జీబీ (తెర రంగుల లెక్క) నంబర్లు ఒక పేజీలో రాసి ఉండాలి. పీడీఎఫ్‌ని చివరిదాకా జూమ్ చేయండి. అంచు గళ్లుగళ్లుగా కనిపిస్తే అది పీఎన్‌జీని పీడీఎఫ్‌లో కూర్చోబెట్టినదే, ఎంత పెద్దది చేసినా చెదరని గీతల ఫైలు, అంటే వెక్టర్ కాదు. దాన్ని వెనక్కి పంపి, సరైనది వచ్చాకే డబ్బు వేయండి.