ఆల్బమ్ కవర్‌కు గండికోటా, శాక్సఫోనా?

ప్రశ్న: కడపలో మాది నలుగురి జాజ్ బ్యాండు. కొత్త ఆల్బమ్ కవర్‌కు రెండు అనుకున్నాం: మిత్రుడు తీసిన గండికోట లోయ ఫొటో, లేదా శాక్సఫోన్ పెయింటింగ్. ఏది మేలు?

జవాబు: గండికోటే. శాక్సఫోన్ చూస్తే జాజ్ అని తెలుస్తుంది గానీ అది మీదని తెలియదు. అయితే లోయ మొత్తం పెట్టకండి. ఫోన్‌లో కవర్ గోరంత కనిపిస్తుంది. పెన్నా, కొండలు, ఆకాశం కలిసిపోయి గోధుమరంగు మరకలా ఉంటుంది. ఒక్క ఎర్రరాతి గోడ, పైన ఖాళీ ఆకాశం వచ్చేలా చతురస్రంగా కత్తిరించి, ఆ ఖాళీలో పేరు పెద్దగా వేయండి. బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల సంస్థకు డిజైనర్ రీడ్ మైల్స్ చేసిన కవర్లు ఒకసారి చూడండి: చాలావాటిలో ఒకటి రెండు రంగులు, దిట్టమైన అక్షరాలు, ధైర్యంగా కత్తిరించిన ఫొటో. అంతే!

ఆన్‌లైన్‌కు 3000×3000 పిక్సెళ్ల ఆర్‌జీబీ (తెరకు వాడే రంగుల పద్ధతి) జేపెగ్ చాలు. ఎల్పీ (పెద్ద వినైల్ రికార్డు) కూడా వేస్తే 12 అంగుళాలకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600 పిక్సెళ్లు, అంచులు కత్తిరించడానికి చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనం. ప్రింటు కోసం సీఎంవైకే (ముద్రణ సిరాల రంగుల పద్ధతి)లోకి మార్చగానే రాతి ఎరుపు మసకబారుతుంది, నీడలు నల్లగా ముద్దకడతాయి. నీడల్ని కాస్త తేలికచేసి, ప్రూఫు (నమూనా ప్రింటు) చూశాకే సరేననండి. ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే తెప్పించుకోండి, మామూలుగా పంపితే కుదించుకుపోతుంది. కవర్ మీద ధర, వెబ్‌సైటు వేస్తే స్ట్రీమింగ్ సంస్థలు తిప్పి పంపుతాయి. మిత్రుడైనా సరే, ఫొటో వాడుకునే అనుమతి కాగితం మీద రాయించుకోండి.