చివరి వరుసలో ఎవరిని నిలబెట్టావు?

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

నల్లగొండ నుండి వందనములు. నీ కథ చదివాను. ఉపవాస కూటం వర్ణన బాగుంది. అయితే గుడి గుమ్మం దగ్గర చెప్పులు విడిచే చోట కూర్చుని ఏడ్చిన నీ గీత కార్మికుడు నన్ను ఊరుకోనివ్వలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

లూకా సువార్త 18వ అధ్యాయంలో, గుడిలో తన మంచి పనులు చెప్పుకొన్న పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు) కాక, రొమ్ము కొట్టుకుంటూ కరుణ వేడుకున్న సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) నీతిమంతుడై ఇంటికి వెళ్లిన ఉపమానాన్ని మన దేవరకొండ పల్లెకు తెచ్చానన్నావు. తేలేదు, తమ్ముడూ. నీ సంఘపెద్ద కనిపించిన ప్రతిచోటా అహంకారి అని రాశావు. ప్రభువు చెప్పిన పరిసయ్యుడు అంత తేలికైన మనిషి కాడు. ధర్మశాస్త్రం ప్రజలందరికీ నియమించిన ఉపవాసం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే కాగా, ఆయన వారానికి రెండు మారులు ఉపవసించేవాడు, సంపాదన అంతటిలో పదియవ వంతు ఇచ్చేవాడు. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఈనాడు మన మధ్య ఉంటే సంఘానికి కోశాధికారిగా మనమే ఎన్నుకుంటాం. వేషధారులు సోమ, గురువారాల్లో ఉపవసిస్తారు గనుక మీరు బుధ, శుక్రవారాల్లో ఉపవసించండని ఆదిమ సంఘపు బోధన గ్రంథం దిదాకే చెబుతుంది. రోజులు మారాయి గానీ, వాటిని లెక్కపెట్టి దేవునికి అప్పజెప్పే గుణం మారిందని ఎవరనగలరు?

ఇక సుంకరి. నీ గీత కార్మికుడు ఎవరికీ కీడు చేయలేదు. అతడు నీతిమంతుడై ఇంటికి పోతే నీ పాఠకునికి పోయేదేమీ లేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దని బాప్తిస్మమిచ్చు యోహాను సుంకరులను హెచ్చరించాడంటే, వాళ్ల పని ఎలాంటిదో ఊహించుకో. నిజాం కాలంలో ఒకరి పొలం ఇంకొకరి పేర రాసిన పట్వారీ కథలు మీ ఇంట్లో వినే ఉంటావు. 1946 నుండి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన జిల్లా మనది. ఆ పట్వారీ రొమ్ము కొట్టుకుంటూ "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడనుకో. పొలం పోయినవాడి మనవడు అదే గుడిలో కూర్చుని ఉంటే, ఆ ప్రార్థనకు ఆమేన్ అనగలడా? పేదవాడి తగ్గింపును మెచ్చుకోవడానికి మనం తగ్గవలసిన పనే లేదు.

నేను ఒకప్పుడు వడ్డీ వ్యాపారిని మోకాళ్లపై నిలబెట్టి కథ రాశాను. ఒక సంఘ పత్రిక సంపాదకుడు, ముందు డబ్బు తిరిగి ఇప్పించి తరువాత ఏడిపించమని ఉత్తరం రాశాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్న సుంకరి జక్కయ్య కథ ఆ తరువాతి అధ్యాయంలో ఉందనీ, ఈ సుంకరి ఏమి తిరిగి ఇచ్చాడో ప్రభువు చెప్పలేదనీ జవాబు రాశాను. కథ నా ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది. తాగుబోతు మారాలి, అందరూ కలిసి కీర్తన పాడాలి, అప్పుడే అచ్చు. ఈ పత్రికల పద్ధతి నేటికీ అదే. వాళ్లకోసం నువ్వు రాయకు.

ఆ గీత కార్మికుణ్ణి కథలోంచి పంపించు. అతని చోట మీ ఊరు క్షమించలేని మనిషిని కూర్చోబెట్టు. అతడు మారాడో లేదో చెప్పకు. సంఘపెద్దను అహంకారి అని ఒక్కసారి కూడా అనకు, ఆయన దశమభాగం నిజంగానే ఇవ్వనీ. తిరగరాశాక పంపు.

నీ అన్న