గాల్‌బ్లాడర్ తీయించుకున్న రవికి

చిరంజీవి రవికి ఆశీస్సులు.

టిఫిన్ తినగానే బాత్రూంకి పరుగెత్తాల్సి వస్తోందని రాశావు. ఆపరేషన్ అయిన కొత్తలో కొంతమందికి ఇలాగే ఉంటుంది, కంగారు పడకు. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రం వేసుకోకు. అది పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, విరేచనాలు ఇంకా ముదరొచ్చు.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం చేస్తుంది. దాన్ని చిక్కబరిచి, నూనె వస్తువు తిన్నప్పుడు వదిలే సంచే గాల్‌బ్లాడర్, అది నీకు ఇప్పుడు లేదు. అందుకే రసం పగలూ రాత్రీ పేగులోకి కారుతూనే ఉంటుంది. చిన్నపేగు చివరి భాగం అందులోని పైత్య ఆమ్లాలను 95 శాతం దాకా వెనక్కి పీల్చుకుంటుంది. మిగిలినవి పెద్దపేగులో చేరితే బ్యాక్టీరియా వాటి రూపం మారుస్తుంది. అవి ఎక్కువైతే పేగు గోడ నీళ్లు వదులుతుంది. పచ్చగా, నీళ్లలా, మంటపెడుతూ వచ్చే విరేచనం అదే.

కాబట్టి పొద్దున మానేసి మధ్యాహ్నం ప్లేటు బిర్యానీ తినకు. కొద్దికొద్దిగా ఐదుసార్లు తిను. నూనె పూర్తిగా మానకు, ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే అది కావాలి. పూటకో చెంచా చొప్పున పంచుకో. పరగడుపున ఇరానీ చాయ్ వద్దు, ఇడ్లీ తిన్నాక తాగు.

నీళ్లు పీల్చుకునే పీచు పొట్టు ఇసబ్‌గోల్, అర చెంచాతో మొదలుపెట్టు. నిండు గ్లాసు నీళ్లలో కలిపి, జిగురెక్కకముందే తాగెయ్. నీళ్లు తక్కువైతే గొంతులో అడ్డుపడుతుంది. నాలుగైదు రోజులకు చెంచాకు పెంచు. ఒకేసారి పెంచితే గ్యాస్‌తో పొట్ట ఉబ్బుతుంది, జనం అక్కడే విసిగి మానేస్తారు. మాత్రలకూ దీనికీ రెండు గంటల తేడా ఉండాలి. బీరకాయ, సొరకాయ, పెసరపప్పు, చిన్న కప్పు పెరుగు ఇప్పుడే తినొచ్చు. శనగలు, రాజ్మా తర్వాత చూద్దాం.

నెల దాటినా తగ్గకపోతే గ్యాస్ట్రో డాక్టరును కలువు. పైత్య ఆమ్లాలను పట్టేసే కొలెస్టిరమిన్ పొడి రాస్తే, నీ థైరాయిడ్ మాత్ర దానికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండేలా వేసుకో, లేకపోతే మాత్ర ఒంటికి పట్టదు.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మలం సున్నంలా తెల్లబడినా, చలిజ్వరంతో కుడి డొక్కలో నొప్పి వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. పైత్యరసం పేగులోకి వచ్చే నాళంలో రాయి మిగిలి ఉండొచ్చు.

ఈ రెండు వారాలూ ఏం తిన్నావో, ఎన్ని గంటలకు మోషన్ అయిందో కాగితం మీద రాసిపెట్టు. డాక్టరు మొదట అడిగేది అదే.

మీ బాబాయి