సైలెన్సర్ మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి అల్లుడికి,

బండి ఎఫ్‌సీలో, అదే ఫిట్‌నెస్ పరీక్షలో, నిలబడలేదనీ, సైలెన్సర్ నువ్వే బిగిస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది. మీ నాయన చైన్ ఊడినా చిత్తూరు దాకా నాకే ఫోన్ చేసేవాడు. కానీ రాత్రి నిద్ర పట్టలేదురా.

ఇన్‌స్పెక్టర్ మీద కోపం వద్దు. 15 ఏళ్లు నిండిన బండి, సరిచేసుకుని పోతే ఇంకో 5 ఏళ్లకు రాసిస్తారు.

ఇంజన్ పూర్తిగా చల్లారనీ. సెంటర్ స్టాండ్ వెయ్యి. వెనక బోల్టు వదులైందా, పైపు ఇంజన్‌కు కలిసే హెడ్డు దగ్గర కదులుతోందా చూడు. హెడ్డు దగ్గర మసి కనిపించి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టప్ టప్ అంటుంటే ఆ అతుకులోని ప్యాకింగ్ రింగు పోయినట్టే. కొత్తది వెయ్యి, పాతదాన్ని తిప్పి వేసే పిసినారితనం వద్దు.

ఇక హెడ్డు దగ్గరి రెండు నట్లు. నా భయమంతా వాటి గురించే.

షెడ్డు పెట్టిన కొత్తలో, నాకు 22 ఏళ్లు. పలమనేరులో పెళ్లి. మీ అమ్మ చిన్నపిల్ల, పట్టు లంగా వేసుకుని వాకిట్లో తొందర పెడుతోంది. సైలెన్సర్ కదులుతోంది, బండేమో ఇంకా కాలుతోంది. గట్టిగా బిగిస్తే ఇక ఊడదు కదా అని స్పానర్‌కు పైపు ముక్క తొడిగి తిప్పాను. టిక్ మంది. నట్టు ఎక్కే స్టడ్డు హెడ్డులోనే విరిగింది. అల్యూమినియంలో ఇరుక్కున్న ఆ ముక్కను తియ్యాలంటే లేత్ వర్క్‌షాపుకు పోవాలి. అది తెలిసీ, బైండింగ్ వైరు చుట్టి పిల్లను ఎక్కించుకున్నాను. మొగిలి ఘాట్‌లో వైరు తెగింది. బాంబు పేలినట్టు శబ్దం. నేను బండి ఆపేలోపే మీ అమ్మ బెదిరి సైలెన్సర్ వైపు దూకింది. పిక్క కాలిపోయింది. నేను గ్రీజు రాయబోతే ఒక లారీ డ్రైవర్ నన్ను బూతులు తిట్టి, క్యాన్‌లోని నీళ్లన్నీ దాని కాలి మీద పోశాడు. పెళ్లింట్లో మాత్రం, పొయ్యిలో కట్టె తగిలిందని మా నాయనకు చెప్పింది. నా కోసం. ఆ మచ్చ నువ్వు చూసే ఉంటావు. ఎలా వచ్చిందని అడిగావా ఎప్పుడైనా?

కాబట్టి నట్లు రాకపోతే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్. బిగించేటప్పుడు ముందు అన్నీ చేత్తోనే తిప్పి పెట్టు, వెనక బోల్టు కూడా. పైపు సరిగ్గా కూర్చున్నాక హెడ్డు నట్లను దానికింత, దీనికింత అని మార్చి మార్చి బిగించు. వెనక బోల్టు చివర్న. బిగించాక పైపు తుడువు, ఆయిల్ మరకలు కాలి పొగ వస్తే టెన్షన్ పడతావు. ఒక రౌండు కొట్టి రా, చల్లారాక మళ్లీ చూడు. ఒకవేళ స్టడ్డు విరిగితే దాచకుండా నాకు ఫోన్ చెయ్. తిట్టను. కొంచెం తిడతాను.

నా స్పానర్ సెట్టు రేపు తిరుపతి బస్సులో పంపిస్తున్నా. ఆ పైపు ముక్క ఇంకా షెడ్డులోనే ఉంది. అది మాత్రం పంపడం లేదు.

మీ మామ