సెలవుల్లో చిన్న విమానం అద్దెకి తీసుకుంటే అంత ఖర్చెందుకు?

ప్రశ్న: సార్, నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చి రెండేళ్ళయింది, మొత్తం 90 గంటలు ఎగిరాను. ఈ సెలవులకి సముద్రం పక్క ఊరికి వెళ్తున్నాం, అక్కడ సెస్నా 172 ఒకటి అద్దెకి తీసుకుని మా ఆవిడకీ ఇద్దరు పిల్లలకీ పైనుంచి తీరం చూపిద్దామనుకున్నా. ఫ్లయింగ్ క్లబ్‌కి ఫోన్ చేస్తే గంట రేటు కాకుండా చెకౌట్ అన్నారు (అంటే అద్దెకిచ్చే ముందు వాళ్ళ ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని మనం ఎలా నడుపుతామో చూసే ఫ్లైట్), ఇన్‌స్ట్రక్టర్ ఫీజు అన్నారు, రోజుకి ఇన్ని గంటలు మినిమమ్ అన్నారు, అన్నీ కూడితే గంట ముచ్చటకి మూడు గంటల డబ్బు అవుతోంది. అద్దె కారుకి లేని బాధ దీనికెందుకు? తగ్గించుకునే దారుందా?

జవాబు: ముందు వాళ్ళ వైపు నుంచి చూడండి. అద్దె కారు దాదాపు రోజూ తిరుగుతుంది, చిన్న విమానం అలా కాదు, వాతావరణం బాగాలేకపోతే వారమంతా కట్టేసి ఉంటుంది, అయినా హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్సు, ఏడాదికోసారి చేసే పెద్ద ఇన్‌స్పెక్షన్ ఏవీ ఆగవు, అదంతా ఎగిరిన కొద్ది గంటల మీదే పడుతుంది. ఇక ఎగిరితే గంటకి 30 లీటర్లకి పైనే పెట్రోలు తాగుతుంది, అదీ బంకులో దొరికేది కాదు, సీసం కలిసిన విమానాల పెట్రోలు. సెస్నా 172లో వాడే లైకమింగ్ ఇంజిన్ని సుమారు 2000 గంటలకి విప్పి ఓవర్‌హాల్ చేయించాలి, ఆ డబ్బు ప్రతి గంట అద్దెలోంచీ కొంచెం కొంచెం పక్కన పెట్టుకోవాల్సిందే. కాబట్టి గంట రేటు మీద బేరమాడి లాభం లేదు, మీరు చూడాల్సింది గంటలు ఎలా లెక్కేస్తారన్నది.

ఫోన్లోనే అడగండి, రేటు వెట్టా డ్రైనా అని. వెట్ అంటే పెట్రోలు కలిపి, డ్రై అంటే అది మీరు పోయించుకోవాలి. డ్రై రేటు చూసి చవకనుకుని వెళ్ళి తర్వాత బాధపడినవాళ్ళని చూశాను. గంటలు హాబ్స్ మీటర్ మీదా ట్యాక్ మీటర్ మీదా అని కూడా అడగండి, హాబ్స్ మామూలుగా ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ నిజం టైమే లెక్కేస్తుంది, ట్యాక్ అయితే ఇంజిన్ నెమ్మదిగా ఉన్నప్పుడు నెమ్మదిగా కదులుతుంది. పెద్ద ఎయిర్‌పోర్టులో మీ వంతు కోసం రన్‌వే పక్కన 20 నిమిషాలు ఆగితే హాబ్స్‌లో ఆ 20 నిమిషాలూ మీ ఖాతాలోకే, అందుకే రద్దీ లేని చిన్న ఎయిర్‌ఫీల్డ్ దగ్గర్లో ఉంటే అక్కడ ప్రయత్నించండి, ల్యాండింగ్ ఫీజు కూడా తక్కువుండొచ్చు. రోజువారీ మినిమమ్ మాత్రం విమానాన్ని వేరే ఊళ్ళో రాత్రి ఉంచేసేవాళ్ళకే ఎక్కువ తగులుతుంది, పొద్దున తీసుకుని మధ్యాహ్నానికి తెచ్చిస్తే చాలా చోట్ల ఆ గొడవుండదు.

చెకౌట్ మానేస్తామంటే వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 90 గంటల అనుభవంతో తెలియని ఊరి గాలుల్లో, తెలియని విమానంలో పిల్లల్ని ఎక్కించుకుంటున్నారు కదా. అయితే మీది నాలుగు రోజుల సెలవే అయితే నా సలహా ఒకటే, చెకౌట్ చేసి తర్వాత మళ్ళీ అద్దెకి తీసుకునే బదులు ఇన్‌స్ట్రక్టర్‌తోనే తీరం మీదుగా ఒక గంట వెళ్ళి రండి. కంట్రోల్స్ మీ చేతిలోనే ఉంటాయి, స్థానిక రూల్స్ తెలిసిన మనిషి పక్కనుంటాడు, చెకౌట్‌కి వేరే, అద్దెకి వేరే కట్టక్కర్లేదు. వెనక సీట్లలో మనుషుల్ని ఎక్కించనిస్తారా అని ముందే కనుక్కోండి, కొన్ని క్లబ్బులు ఒప్పుకోవు. సీట్లు నాలుగే కాబట్టి మీవాళ్ళు ముగ్గురూ ఒకేసారి రాలేరు, రెండు ట్రిప్పులు వేయాలి. మీరొక్కరే నడిపినా నలుగురు పెద్దవాళ్ళూ ఫుల్ ట్యాంకూ 172లో మామూలుగా కుదరవు, పిల్లలైనా సరే బరువు లెక్క కాగితం మీద వేయందే ఎక్కకండి. రెండు వారాలుండి నాలుగైదు సార్లు ఎగిరేట్టయితే మాత్రం చెకౌట్ ఖర్చు గిట్టుబాటవుతుంది.

ఇన్సూరెన్సు దగ్గర ఖర్చు తగ్గించుకోకండి. క్లబ్ ఇన్సూరెన్సు ముందు కాపాడేది క్లబ్బుని, రెక్క చివర ఏదైనా తగిలి దెబ్బతింటే డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్సు ఇవ్వకుండా వదిలేసే మొదటి వాటా, మిమ్మల్నే కట్టమనొచ్చు, అదెంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకోటి, అడ్వాన్స్ పోతుందని మబ్బు పట్టిన రోజు బయల్దేరొద్దు, వాతావరణం బాగాలేక రద్దయితే డబ్బు వెనక్కిస్తారో లేదో బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

ప్రశ్న: వేరే దేశానికి సెలవులకెళ్తే మన లైసెన్స్ పనికొస్తుందా?

జవాబు: నేరుగా పనికొస్తుందని అనుకోకండి. విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందన్నదే ముఖ్యం, ఆ దేశం మీ లైసెన్సుని గుర్తించాలి, దానికి కాగితాలూ టైమూ పడతాయి, టికెట్లు కొన్నాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరితే మాత్రం విమానానికి బాధ్యుడు ఆయనే కాబట్టి ఈ తిప్పలు చాలావరకు ఉండవు.