నార్మన్లా, నార్మెన్‌లా?

సందేహం: ఒక పోటీ పరీక్షల పుస్తకంలో ఒకచోట ‘నార్మన్లు’ అనీ, ఇంకోచోట ‘నార్మన్స్’ అనీ ఉంది. మాట చివర ‘మన్’ ఉంది కనుక బహువచనం ‘నార్మెన్’ కావాలి కదా? ‘నార్మల్’తో దీనికి చుట్టరికం ఉందా? నార్మన్‌లో లేని డకారం నార్మండీలోకి ఎలా వచ్చింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: నార్మల్‌తో చుట్టరికం లేదు. లాటిన్‌లో వడ్రంగి మూలమట్టాన్ని ‘నోర్మా’ అంటారు. దానికి సరిపోయింది నార్మల్. ఆ సంగతి అంతే.

నార్మన్లంటే ఫ్రాన్సు ఉత్తరాన నార్మండీలో స్థిరపడి, 1066లో ఇంగ్లండును గెలిచినవాళ్లు. ‘నార్’ అంటే ఉత్తరం. స్కాండినేవియావారి పాత నార్స్ భాషలో ‘నొర్ద్‌మెన్’ అంటే ఉత్తరాదివాళ్లు. కాబట్టి మూలంలో మీరనుకున్న ‘మెన్’ ఉన్న మాట నిజమే. అయితే నేటి ఫ్రాన్సు ప్రాంతాన్ని ఏలిన ఫ్రాంకులు దాన్ని ‘నోర్ట్‌మన్ని’ అని లాటిన్‌లోకి తెచ్చుకున్నారు. డేనులనూ స్వీడులనూ మేమలా పిలుస్తామని ఫ్రాంకుల చక్రవర్తి షార్లెమేన్ చరిత్ర రాసిన ఐన్‌హార్డ్ స్పష్టంగానే చెప్పాడు. అంటే అది ఒక తెగ పేరు కాదు, దక్షిణాన కూర్చున్నవాడు పైనుంచి వచ్చినవాళ్లందరికీ కలిపి పెట్టిన పేరు. ఇందులో మనకు వింతేమీ లేదు. సంగకాలం నుంచీ తమిళులు తెలుగువారిని ‘వడుగర్’ అంటూనే ఉన్నారు. తమిళ వైష్ణవుల్లోని వడగలై, తెంగలై శాఖల భేదం తెలిసినవారికి ‘వడ’ అంటే ఉత్తరమని చెప్పనక్కరలేదు. మదురైకి తరలిపోయి అక్కడే తరతరాలు గడిపినా మనవాళ్లు వడుగులే. అలాగే 911లో ఫ్రాంకుల రాజు చార్లెస్ ఇచ్చిన రూవాన్ ప్రాంతంలో వైకింగ్ నాయకుడు రోలో, అతని అనుచరులు స్థిరపడి, రెండు మూడు తరాల్లో ఫ్రెంచి మాట్లాడేవారైనా పేరు మాత్రం ఉత్తరాదివాళ్లే.

ఇంగ్లండులో మాత్రం కథ తిరగబడింది. 1066లో ఆ దేశం మీద రెండు దండయాత్రలు జరిగాయి. ఇంగ్లీషువారి పాత వార్షిక చరిత్ర ఆంగ్లో సాక్సన్ క్రానికిల్ ‘నోర్మెన్’ అన్నది నార్వే రాజు హరాల్డ్ సైన్యాన్ని. హేస్టింగ్స్‌లో గెలిచిన నార్మండీ ప్రభువు విలియం సైన్యాన్ని ‘ఫ్రెంచివాళ్లు’ అంది! ఆ విజయాన్ని చూపే బేయూ కుట్టుపటం మీది లాటిన్ అక్షరాల్లోనూ విలియం మనుషులు ఫ్రాంకులే. పాఠ్యపుస్తకాలు రాసేవారు ఈ ముక్క ఒక్కటి చేర్చినా పిల్లలు తేదీలు బట్టీ పట్టే బాధ కొంత తగ్గును.

ఇక డకారం. దీనికి నేను పన్నెండో శతాబ్దపు నార్మన్ కవి వాస్ దగ్గరికే పోతాను. జెర్సీ దీవిలో పుట్టి, బేయూ చర్చిలో పదవి పొందినవాడు. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఆస్థానం కోసం 1160లో ‘రోమన్ దె రూ’ మొదలుపెట్టాడు. రూ అంటే రోలోనే. అందులో ఒక భాగం ఎనిమిదక్షరాల పాదాలతో, జంటలు జంటలుగా నడుస్తుంది. మన ద్విపద లాంటి నడకే, కాకపోతే ప్రాస పాదం మొదట్లో కాక చివర పడుతుంది. కాలం గడిచి, భాషలు మారి, ఊళ్లూ దేశాలూ పాత పేర్లు పోగొట్టుకున్నాయని చెప్పి, నార్మన్ మాటను విడదీస్తాడు: ‘మన్’ అంటే ఇంగ్లీషులోనూ నార్స్‌లోనూ మనిషి, ‘నోర్త్’తో కలపండి, ఉత్తరాది మనిషి వస్తాడు. అంతకుముందే జుమియెజ్ మఠంలోని విలియం అనే సన్యాసి లాటిన్‌లో ఈ వ్యుత్పత్తే చెప్పాడు కానీ, వాస్ అక్కడితో ఆగలేదు. ఫ్రెంచివాళ్ల ఎకసెక్కాన్నీ ఎక్కించాడు. ‘మెందీ’ అంటే అడుక్కోవడం కనుక, నోర్మెందీ అంటే ఉత్తరాది నుంచి అడుక్కుంటూ వచ్చినవాళ్ల దేశమట! సొంత జాతి మీద పడ్డ శ్లేషను దాచకుండా తన కావ్యంలోనే పెట్టుకున్న కవి మీద నాకు గౌరవం.

శ్లేష సరదాకే. లాటిన్ ‘నోర్మన్నియా’లో ఆ హల్లు లేదు. పాత ఫ్రెంచిలో బహువచనం ‘నోర్మన్త్స్’గా పలికేసరికి, ‘అన్త్’తో ముగిసే మాటల వరసలో దీన్నీ చేర్చి ఏకవచనాన్ని ‘నోర్మన్త్’ చేశారు. ఆ తకారమే స్త్రీలింగంలోనూ దేశనామంలోనూ దకారమైంది. దాన్ని డకారం చేసింది ఇంగ్లీషు మీదుగా తెచ్చుకున్న మనం.

ఇంగ్లీషువారు తమ ‘నార్మన్’ను ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నారు. అప్పటికే లోపలి మనిషి కనబడకుండా పోయాడు. అందుకే వాళ్లకూ బహువచనం నార్మెన్ కాలేదు. రోమన్‌లోనైతే అసలు ‘మన్’ లేనే లేదు, రోమ్‌కు ‘అన్’ చేరిందంతే. తెలుగులో రోమన్లు, జర్మన్లు అన్నట్టే నార్మన్లు. ‘నార్మనులు’ పద్యంలో వస్తే తప్పు పట్టను. ‘నార్మన్స్’ మాత్రం వద్దు. మనకు నిక్షేపంలాంటి ‘లు’ ఉండగా పరాయి సకారం ఎందుకు? అదీ చాలక ‘నార్మన్స్‌లు’ అనేవారున్నారు, వారికి రెండు బహువచనాలు కావాలి కాబోలు. ‘ఉత్తర మానవులు’ అని తెనిగించడం అంతకంటే చేటు.

 

నార్మండీయా, నోర్మాందీయా అంటే, రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6 నాటి సైనిక దిగుడు గురించి రాసేవారందరికీ మొదటిదే అలవాటు, దాన్ని కొట్టెయ్యను. ఫ్రెంచి నుంచి నేరుగా అనువదించేవారు రెండోది రాస్తే అదీ కొట్టెయ్యను. ఒకే వ్యాసంలో రెండూ రాసి, మధ్యలో ‘నార్మాండీ’ కూడా దూర్చేవారికి మాత్రం ఎర్ర సిరా తప్పదు.