అంతస్తుకు ఆరు బాత్రూములు: పాప బ్యాగులో ఏం పెట్టాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పలమనేరు. మా పాపకు తిరుపతిలో డిగ్రీ సీటు వచ్చింది. వచ్చే వారం హాస్టల్లో చేర్చాలి. గదికి నలుగురు, అంతస్తు మొత్తానికి ఆరు బాత్రూములు. ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు తొడల దగ్గర తామర వచ్చి చాలా అవస్థపడింది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే తగ్గేది, ఆపితే మళ్లీ వచ్చేది. ఈసారి అలా కాకూడదని యాంటీసెప్టిక్ లోషను, ఇంటిమేట్ వాష్, ఒళ్లు రుద్దుకునే ప్లాస్టిక్ పీచు, మందపాటి టర్కీ టవళ్లు, నీళ్లు కాచుకునే రాడ్డు కొనాలని లిస్టు రాసుకున్నాను. ఇంకా ఏమేం కావాలి?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీ లిస్టు మొత్తం కొట్టేద్దాం. మీరు రాసిన ఐదింటిలో ఒక్కటి కూడా పాపకు అవసరం లేదు. రాడ్డు అయితే ప్రమాదం కూడా. తడి చేతులతో, తడి నేల మీద నిలబడి ప్లగ్గు పెట్టే వస్తువు అది. చలికాలంలో నాలుగు రోజులు చన్నీళ్లు పోసుకున్నంత మాత్రాన ఆరోగ్యానికేమీ కాదు.

తామర విషయానికొస్తే, అది బాత్రూము మురికి వల్ల వచ్చే జబ్బు అని చాలామంది అనుకుంటారు. అది ఫంగస్. దానికి కావలసింది చెమట, తడి, గాలి ఆడని మడతలు. ఒకరి టవలు, ఒకరి ప్యాంటు ఇంకొకరు వాడితే సులువుగా అంటుకుంటుంది. అందుకే నేను కొనమనే ప్రతి వస్తువుకూ రెండే పరీక్షలు: తొందరగా ఆరుతుందా? పాప ఒక్కతే వాడుతుందా?

టర్కీ టవలు మొదటి పరీక్షలోనే తప్పుతుంది. ఫ్యాను కింద వేసినా సాయంత్రానికి చెమ్మగానే ఉంటుంది. పలచటి నూలు తువ్వాళ్లు మూడు కొనండి, తిరుపతి గాంధీ రోడ్డులో ఏ బట్టల కొట్టులోనైనా దొరుకుతాయి. ఒకటి ఒంటికి, ఒకటి తలకు, ఇంకొకటి ఉతుకులో ఉంటుంది. ప్లాస్టిక్ పీచూ అంతే, ఎప్పుడూ తడిగానే వేలాడుతుంది. చేత్తో సబ్బు రుద్దుకుంటే చాలు.

ఇక లోదుస్తులు. ఆడపిల్లల హాస్టళ్ల నుంచి నా దగ్గరికి వచ్చే తామర కేసుల్లో సగం కథ ఇక్కడే ఉంటుంది. నలుగురూ తిరిగే చోట ఆరేయడానికి సిగ్గుపడి, చున్నీ కిందో టవలు కిందో దాచి ఆరేస్తారు. ఎండ తగలదు, గాలి తగలదు. పొద్దున బస్సుకు టైమైందని ఆ చెమ్మ గుడ్డే వేసుకుంటారు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. ఆ నెలల్లో గుడ్డలు రెండు రోజులైనా ఆరవు. కాబట్టి నూలువి పది జతలు పంపండి. క్లిప్పులున్న గుండ్రటి హ్యాంగరు ఒకటి ఇవ్వండి, మేడ మీద ఎండలో తగిలించి, ఆరగానే తెచ్చుకోవచ్చు. వానల్లో అయితే కుట్ల దగ్గర ఇస్త్రీ పెట్టె ఆనించి ఆరబెట్టుకోమనండి. సిగ్గుపడాల్సిన పని కాదని మీరే చెప్పాలి. నేను చెబితే తల వంచుకుని వింటారు, అంతే.

సబ్బు, దువ్వెన, బ్రష్షు, నాలుక బద్ద, గోళ్ల కత్తెర, రేజరు వాడితే అది, ఏవీ ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరివీ తీసుకోకూడదు. రేజరు, బ్రష్షుల మీద కంటికి కనబడని రక్తం ద్వారా హెపటైటిస్ బి అనే కాలేయ జబ్బు అంటుకునే అవకాశం ఉంది. దువ్వెనతో పేలు వస్తాయి. ‘అడిగితే ఎలా కాదంటాం’ అని పిల్లలు మొహమాటపడతారు. నేను మెడిసిన్ చదివేటప్పుడు మా గదిలో నలుగురం పక్కలూ గుడ్డలూ కలిపేసుకుని, నలుగురం గజ్జి తెచ్చుకున్నాం. కాబోయే డాక్టర్లం! ఒకడు మందు పూసుకుంటే ముగ్గురు మానేశాం, మళ్లీ వాడికే అంటించాం. గజ్జి వస్తే గదిలో అందరూ ఒకే రాత్రి, దురద లేనివాళ్లు కూడా, డాక్టరు చెప్పిన మందు మెడ నుంచి అరికాళ్ల దాకా పూసుకోవాలి. వారం తర్వాత ఇంకోసారి.

సబ్బుపెట్టెకు అడుగున చిల్లులుండాలి. రబ్బరు చెప్పులు ఒక జత బాత్రూముకే. సొంత బకెట్టు, చెంబు ఉంటే మంచిది. నీళ్లు రావేమోనని బకెట్టు నింపి రోజుల తరబడి ఉంచకూడదు. డెంగ్యూ దోమ గుడ్లు పెట్టేది అలాంటి మంచినీళ్లలోనే. మూత పెట్టి, వారానికోసారి ఒంపేసి గోడలు రుద్దమనండి. సున్నిపిండి పంపుతారనుకుంటాను, పంపండి, కానీ వారానికి సరిపడా చిన్న డబ్బాలో. తడి చేయి పడిన పిండి బూజు పడుతుంది.

యాంటీసెప్టిక్ లోషను రోజూ స్నానం నీళ్లలో కలిపితే చర్మం ఎండి పగులుతుంది, తామర పోదు. ఇంటిమేట్ వాష్ అసలే వద్దు. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది, బయట మామూలు నీళ్లు చాలు. ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. ప్యాడ్లు నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, వాటిని చుట్టి పారేయడానికి పాత పేపర్లు కూడా పెట్టండి.

బ్యాగులో పెట్టలేనిది ఒకటుంది. టాయిలెట్ బాగాలేదని ఈ పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు, గంటలు గంటలు ఆపుకుంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు అదే దారి. లీటరు బాటిలు ఇచ్చి, రోజుకు రెండు మూడు సార్లు ఖాళీ చేయమనండి. మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

చివరగా ఆ పాత ట్యూబు. దాని మీద క్లోబెటసాల్, బెటామెథసోన్ అనే పేర్లున్నాయేమో చూడండి. ఉంటే పారేయండి. అవి స్టెరాయిడ్లు. దురదను అణుస్తాయి గానీ ఫంగస్‌ను లోపల పెంచుతాయి. ‘తగ్గడం, మళ్లీ రావడం’ అని మీరు రాశారే, అది చాలావరకు దీని పనే. మచ్చ మాత్రమే మిగిలి దురద, పొట్టు లేకపోతే భయం లేదు. అంచు ఉబ్బి దురద ఉంటే హాస్టల్లో చేర్చకముందే చర్మం డాక్టరుకు చూపించండి. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉండనే ఉంది. డాక్టరు చెప్పినన్ని వారాలూ మందు వాడాలి, దురద తగ్గిందని మధ్యలో మానకూడదు. ఇంట్లో ఇంకెవరికైనా అలాంటి మచ్చలుంటే వాళ్లకూ ఇప్పుడే వైద్యం చేయించండి. లేకపోతే దసరా సెలవులకు వచ్చిన పాప, ఇంటి నుంచే మళ్లీ తామర పట్టుకుపోతుంది.